పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: మాల్టీస్ పుట్టుక, బొచ్చు, బాగోగులు

చేతిలో ఇమిడే తెల్లని మాల్టీస్ గురించి వచ్చిన ఉత్తరాలు చాలా పోగుపడ్డాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఎక్కువమంది అడిగింది బొచ్చు గురించి, కంటి కింద ఎర్రచారల గురించి. అందుకే ఆ రెండింటికీ ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: మాల్టీస్ అనే పేరు మాల్టా దీవి వల్లే వచ్చిందా? క్రీస్తు పూర్వం నుంచి ఏమీ మారకుండా వస్తున్న జాతి అని అమ్మేవాళ్లు చెబుతున్నారు. ఎంతవరకు నమ్మొచ్చు?

జవాబు: పేరు మాత్రం నిజంగానే పాతది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ చిన్న సైజుకు ఉపమానంగా 'మెలిటా కుక్క'ను చెప్పాడు. అంతకుముందే, సుమారు క్రీ.పూ. 500 నాటి ఒక గ్రీకు కూజా మీద బొచ్చున్న బుల్లి కుక్క బొమ్మ, పక్కనే 'మెలిటాయె' అన్న రాత ఉన్నాయి. ఆ కూజా ఇటలీలోని వుల్చీలో దొరికింది.

ఆ మెలిటా ఏది అన్న దగ్గరే తగువు మొదలవుతుంది. స్ట్రాబో అనే భూగోళ రచయిత సిసిలీ దక్షిణ కొసకు ఎదురుగా ఉన్న మెలిటా అన్నాడు, అంటే నేటి మాల్టా. రోమన్ పండితుడు ప్లినీ మాత్రం, తనకంటే ముందువాడైన గ్రీకు కవి కలిమాకస్ చెప్పాడంటూ, ఏడ్రియాటిక్ సముద్రంలోని మెలెడా పేరు రాశాడు. అది ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న మ్లెట్ దీవి. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఎఫ్‌సీఐ ఈ జాతికి రాసిన 65వ నంబరు ప్రమాణపత్రం రెండింటి జోలికీ పోలేదు. పుట్టినచోటు మధ్యధరా సముద్రపు నడిమి ప్రాంతమని, జాతి ప్రమాణాలు చూసుకునే బాధ్యత ఇటలీదని రాసింది. ఆశ్రయం, రేవు అనే అర్థమున్న 'మాలట్' అన్న సెమిటిక్ (అరబ్బీ, హీబ్రూల కుటుంబపు) మాట నుంచి పేరు వచ్చిందని, ఈ కుక్కల పూర్వీకులు ఓడరేవుల గోదాముల్లో, ఓడల అడుగు అరల్లో ఎలుకలు పట్టేవని అందులో ఉంది. మాకు ఇదే నమ్మదగ్గ మాటగా తోస్తుంది. నేల మీద ఏది కదిలినా మాల్టీస్ మెరుపులా దాని మీదికి దూకడం చూసినవాళ్లకి ఎలుకల సంగతి వింతగా అనిపించదు.

ఇక 'మారకుండా' అన్న మాట. ఆ కూజా మీది కుక్కకూ మీ ఇంటి కుక్కకూ మధ్య తెగని వంశావళి ఉందని ఎవరూ చూపలేరు. ఇంగ్లండు వైద్యుడు జాన్ కైయస్ 1570లో కుక్కల గురించి లాటిన్‌లో రాసినప్పుడు, గొప్పింటి ఆడవాళ్లు ఒడిలో పెట్టుకునే ఈ బుల్లి కుక్కల్ని ప్రస్తావించాడు. కడుపు నొప్పికి వీటిని పొట్టకు ఆనించుకునేవారట. అంటే వీటికి అప్పటికే ఒడే ఉద్యోగం. కానీ నేలను తాకే పట్టుబొచ్చు, మచ్చలేని తెలుపు ఇంత గట్టిగా కుదురుకున్నది 19వ శతాబ్దంలో కుక్కల ప్రదర్శనలు మొదలై, పెంచేవాళ్లు ఏరి ఏరి జతకట్టించాకే. అంతకుముందు మచ్చలవీ, వేరే రంగులవీ ఉండేవి. 1877లో న్యూయార్క్ వెస్ట్‌మిన్‌స్టర్ ప్రదర్శనలో కనిపించింది, 1888లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ పుస్తకాల్లోకి ఎక్కింది. రెండు వేల ఏళ్ల స్వచ్ఛమైన రక్తం అని చెప్పి ఎక్కువ ధర అడిగేవాళ్లని, తల్లిదండ్రుల ఆరోగ్య పరీక్షల కాగితాలు చూపమనండి. మీకు పనికొచ్చేది ఆ కాగితాలే.

ప్రశ్న: మాల్టీస్, బిషాన్ ఫ్రిజే, కోటాన్, బొలోనీస్ అన్నీ తెల్లగా ఒకేలా ఉన్నాయి. తేడా ఎలా పట్టాలి?

జవాబు: అన్నీ దాయాదులే. ఎఫ్‌సీఐ వీటిని ఒకే విభాగంలో పెట్టింది. కంటితో కాకుండా వేళ్లతో చూడండి. మాల్టీస్ వెంట్రుక పట్టుదారంలా నున్నగా, బరువుగా, తిన్నగా కిందికి వేలాడుతుంది. వేళ్లు చర్మం దాకా పోనిస్తే కింద మెత్తటి లోబొచ్చు తగలదు. బిషాన్ ఫ్రిజేకి రింగులు తిరిగిన పైబొచ్చు, కింద మెత్తని లోబొచ్చు రెండూ ఉంటాయి. అరచేత్తో నొక్కి వదిలితే స్పాంజిలా పైకి లేస్తుంది. అందుకే దాన్ని గుండ్రంగా కత్తిరించగలరు, మాల్టీస్‌ని ఆ ఆకారంలోకి తేలేరు. కోటాన్ ద ట్యూలెయార్ పేరులోనే పత్తి ఉంది, తాకితే దూదిలాగే పొడిగా ఉంటుంది. మడగాస్కర్ నైరుతి తీరంలోని ట్యూలెయార్ రేవు దాని ఊరు, 1970లో ఎఫ్‌సీఐ గుర్తించింది. ఇటలీలోని బొలోనా పేరున్న బొలోనీస్ బొచ్చు కుచ్చులు కుచ్చులుగా పైకి లేచి ఉంటుంది.

సైజు కూడా దారి చూపుతుంది. బిషాన్ 25 నుంచి 29 సెం.మీ. ఎత్తు, 5 కిలోల దగ్గర ఉంటుంది. మాల్టీస్ అంతకంటే తేలిక, 4 కిలోలు దాటదు. కుక్కపిల్లల్లో మాత్రం ఈ గుర్తులేవీ గట్టిగా నిలవవు. 8 వారాల వయసులో అన్నీ దూదిపింజలే. తల్లిని చూడకుండా పిల్లను తీసుకోకపోవడం మంచిది.

ప్రశ్న: ఒళ్లంతా తెల్లగా ఉండి ముక్కు, కంటి అంచులు మాత్రం నల్లగా ఎందుకుంటాయి? మా కుక్క చెవుల మీద నిమ్మపండు ఛాయ ఉంది. మేలుజాతి కాదా?

జవాబు: మేలుజాతే కావచ్చు. మాల్టీస్ తెలుపు రంగులేనితనం కాదు. వెంట్రుకలో నల్లరంగు తయారవకుండా ఒక జన్యువు ఆపుతుంది. ఇక మిగిలేది పసుపు, ఎరుపుల రంగు. దాన్ని ఇంకో లక్షణం బాగా పలచన చేస్తుంది. ఈ కట్టడి వెంట్రుకకే గానీ చర్మానికి కాదు. అందుకే ముక్కు, పెదవులు, కంటి అంచులు, పాదాల మెత్తలు నల్లగానే ఉంటాయి. ఆ పలచన పూర్తిగా జరగనిచోట నిమ్మపండు ఛాయ మిగులుతుంది, ముఖ్యంగా చెవుల మీద. ప్రమాణపత్రాలు లేత దంతపు రంగును ఒప్పుకుంటాయి. చాలా పిల్లల్లో ఈ ఛాయ పెరిగేకొద్దీ తగ్గుతుంది కూడా. ముక్కు నలుపు చలికాలంలో కాస్త వెలవడం మామూలే. ముక్కు మీద పొరలు లేవడం, పగుళ్లు, పుండు కనిపిస్తే మాత్రం అది రంగు సంగతి కాదు, డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: 'టీకప్' మాల్టీస్ అని పెద్దయ్యాక కూడా ఒకటిన్నర కిలో దాటదంటూ ఒక పిల్లను చూపించారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. టీకప్ అనే రకం ఏ కెన్నెల్ క్లబ్ పుస్తకంలోనూ లేదు. అది అమ్మకానికి పెట్టిన పేరు. ఎఫ్‌సీఐ లెక్కలో పెద్ద మాల్టీస్ 3 నుంచి 4 కిలోలు ఉండాలి. మూపు దగ్గర మగది 21 నుంచి 25 సెం.మీ., ఆడది 20 నుంచి 23 సెం.మీ. అమెరికన్ ప్రమాణం ఇంకా చిన్నది. 7 పౌండ్ల లోపు, అంటే 3.2 కిలోలు దాటకూడదంటుంది. 4 నుంచి 6 పౌండ్లుంటే మేలంటుంది. ఇదే ఇప్పటికే చాలా చిన్న ఒళ్లు.

దీన్ని ఇంకా కుదిస్తే అవయవాలన్నీ ఒకే లెక్కన చిన్నవి కావు. మాడు పూడదు. పుర్రె లోపల నీరు చేరే ప్రమాదం పెరుగుతుంది. ముందుకాలి ఎముకలు పెన్సిలంత సన్నగా ఉంటాయి, సోఫా మీంచి దూకినా విరుగుతాయి. విరిగాక ఇంకో ఇబ్బంది ఉంది. బుల్లి జాతుల్లో మణికట్టుకు కాస్త పైన ఎముకకు రక్తం అందేది తక్కువ. అందుకే అక్కడ విరిగితే సరిగా అతుక్కోదు. కట్టుతో సరిపెట్టకుండా సాధారణంగా ప్లేటు వేయాల్సి వస్తుంది. పళ్లకు దవడలో చోటు చాలదు. ఆకలికి రెండు గంటలు ఆలస్యమైనా చక్కెర పడిపోతుంది.

చూడబోయే పిల్లకు 12 వారాలుంటే దాని తూకం రెట్టించండి. పెద్దయ్యాక ఉండే తూకానికి దగ్గరగా వస్తుంది. తల మీద చెయ్యి పెట్టి మాడు తడమండి. మెత్తగా వేలి కొన దిగేంత గుంట ఉంటే ఆ పిల్లను ముందు డాక్టరు చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, 12 వారాల లోపు మాల్టీస్ పిల్లను తల్లి దగ్గర నుంచి తేకండి. పెద్దజాతుల పిల్లలకు సరిపోయే 8 వారాలు వీటికి చాలవు.

ప్రశ్న: మా మూడు నెలల పిల్ల పొద్దున్నే తూలుతూ నడిచి, కాసేపు పక్కకు ఒరిగిపోయింది. తిన్నాక మామూలైంది. భయపడాలా?

జవాబు: భయపడాల్సిందే. ఇది రక్తంలో చక్కెర పడిపోయిన లక్షణం. పిల్ల కాలేయంలో దాచుకునే చక్కెర నిల్వ కొద్దిగానే ఉంటుంది. కండ కూడా తక్కువ. రాత్రంతా తినకపోతే, చలి వేస్తే, కొత్త ఇంట్లో బెంగపడి తిండి మానేస్తే, విరేచనాలైతే ఆ కొద్దీ అయిపోతుంది. మొదట మందకొడితనం, తరవాత తూలడం, వణుకు, శూన్యంగా చూడటం, చివరికి ఫిట్స్. ఈ మెట్లన్నీ ఒక గంటలోనే దిగిపోవచ్చు.

మింగగలిగితే గ్లూకోజు నీళ్లో తేనెనో అర టీస్పూను నాకించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బొటనవేలి గోరంత తేనె తీసుకుని పెదవి ఎత్తి చిగుళ్లకు రుద్దండి. గుడ్డలో చుట్టి వెచ్చగా పట్టుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరండి. లేచి కూర్చుంటే వెంటనే నాలుగు ముద్దలు తినిపించాలి. ఎందుకంటే తేనె ఇచ్చిన చక్కెర చాలాసేపు నిలవదు. చక్కెర లేనివని అమ్మే తీపి పదార్థాలు దగ్గరికి రానివ్వకండి. వాటిలో వాడే జైలిటాల్ కుక్కల్లో చక్కెరను ఇంకా పడదోస్తుంది.

మళ్లీ రాకుండా 4 నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, 6 నెలల దాకా మూడుసార్లు పెట్టండి. చివరి గిన్నె పడుకునే ముందు, మొదటిది లేవగానే. రోజూ ఒకే వేళకు వంటింటి తూకంలో బరువు చూసి రాసుకోండి. పెరిగే వయసులో బరువు వరసగా రెండు రోజులు తగ్గితే అదే ముందస్తు హెచ్చరిక. 4 నెలలు దాటాక కూడా ఇలా జరుగుతుంటే తిండి వేళల్ని తప్పుపట్టి ఊరుకోకండి. కాలేయం సంగతి చూడాలి. దాని గురించి ఇంకో పాఠకుడు అడిగారు, కింద రాశాం.

ప్రశ్న: రోజూ దువ్వుతూనే ఉన్నాం. అయినా చెవుల వెనక గట్టి ముద్దలు కట్టాయి. స్నానం చేయిస్తే ఇంకా బిగుసుకున్నాయి. ఎక్కడ తప్పు చేస్తున్నాం?

జవాబు: రెండు చోట్ల. మొదటిది, మీరు దువ్వుతున్నది పైపొర. బ్రష్ పైన సాఫీగా జారుతుంది, చర్మం దగ్గర చిక్కు అలాగే ఉంటుంది. రెండోది, చిక్కు తీయకుండా నీళ్లు పోశారు. తడిసిన వెంట్రుక సాగి, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, ముడి బిగుస్తుంది. చిక్కు తీశాకే స్నానం. ఈ వరస మారకూడదు.

కావాల్సినవి: కొసలకు గుండ్లు లేని పిన్ బ్రష్, ఒకవైపు వెడల్పుగా రెండోవైపు దగ్గరగా పళ్లున్న స్టీలు దువ్వెన, కండిషనర్ కొద్దిగా కలిపిన నీళ్ల స్ప్రే. గుండ్లున్న బ్రష్ మాల్టీస్‌కి వద్దు. పొడవాటి వెంట్రుక గుండు చుట్టూ చుట్టుకుని తెగుతుంది. పొడి బొచ్చును ఎప్పుడూ దువ్వకండి. సన్నగా స్ప్రే కొట్టండి, తడవకూడదు, తేమ తగిలితే చాలు.

కుక్కను పక్కకు పడుకోబెట్టండి. బొచ్చంతా ఒక చేత్తో పైకి ఎత్తిపట్టి, పొట్ట దగ్గర నుంచి వేలెడంత వరస కిందికి వదలండి. చర్మం గీతలా కనిపించాలి. ఆ వరసను మొదలు నుంచి కొస దాకా దువ్వి, ఇంకో వరస వదలండి. అలా వెన్నెముక దాకా రావాలి. బ్రష్‌ను కొసలో పైకి విదిలించకండి, కొసలు చిట్లుతాయి. బ్రష్ అయ్యాక దువ్వెన పెట్టి చూడండి. దువ్వెన చర్మం నుంచి కొస దాకా ఆగకుండా వస్తేనే ఆ చోటు అయినట్టు. మొదట్లో ముప్పావుగంట పడుతుంది, రోజూ చేస్తే పావుగంటకు దిగుతుంది.

ముడులు కట్టేచోట్లు తెలిసి ఉండాలి. చెవుల వెనక, చంకల్లో, తొడల లోపల, పట్టీ కింద, గడ్డం కింద, కాలివేళ్ల సందుల్లో. రాపిడి, తడి ఎక్కడుంటే అక్కడ. ఈ చోట్లు మాత్రం రోజూ వేళ్లతో తడమండి. ముడి దొరికితే మొక్కజొన్న పిండి గానీ కండిషనర్ గానీ అద్ది, రెండు చేతుల వేళ్లతో పత్తి విప్పినట్టు విడదీయండి. కొస వైపు నుంచి మొదలుపెట్టి చర్మం వైపు రావాలి. ముడికీ చర్మానికీ మధ్య వెంట్రుకను వేళ్లతో బిగించి పట్టుకుంటే లాగినప్పుడు నొప్పి తెలియదు. పావుగంటలో విడకపోతే కత్తిరించేయండి. కానీ కత్తెర చర్మం వైపు తిప్పి కాదు. ముడి కింద దువ్వెన దూర్చి, దువ్వెనకు పైన మాత్రమే కత్తిరించాలి. చెవి వెనక చర్మం పల్చగా ఉంటుంది, ముడితోపాటు లేచి వస్తుంది. కత్తెర గాయాల్లో ఎక్కువ అక్కడే.

8 నుంచి 14 నెలల మధ్య పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వస్తుంది. ఆ నెలల్లో పొద్దున తీసిన ముడి సాయంత్రానికి మళ్లీ కడుతుంది. చాలామంది విసిగి కత్తెర పట్టేది అప్పుడే. అది మీ తప్పూ కాదు, కుక్క తప్పూ కాదు. కొద్ది నెలలు ఓర్చుకుంటే పెద్దబొచ్చు నున్నగా, తేలిగ్గా ఉంటుంది.

స్నానం పొడవాటి బొచ్చుకు 7 నుంచి 10 రోజులకోసారి. షాంపూను సీసా మీద రాసిన పాళ్లలో ముందే నీళ్లలో కలపండి. చిక్కటిది నేరుగా పోస్తే ఒకేచోట అంటుకుంటుంది, కడిగినా పోదు, దురద మొదలవుతుంది. గుండ్రంగా రుద్దకండి. బొచ్చు పడే దిక్కులో పైనుంచి కిందికి నిమరండి. కడిగింది చాలనిపించాక ఇంకోసారి కడగండి. తువ్వాలుతో నొక్కి నీళ్లు పీల్చండి. తరవాత గోరువెచ్చని గాలితో, గాలి తగిలేచోటే దువ్వుతూ ఆరబెట్టండి. సగం తడితో వదిలేస్తే మొదటికొస్తుంది.

తలమీద పిలక వేసేవారికి ఒక మాట. నుదుటి బొచ్చు బిగించి లాగితే కళ్లు పైకి లాగినట్టవుతాయి, మొదళ్లు తెగుతాయి. వేశాక కొద్దిగా ముందుకు లాగి వదులు చేయండి. రబ్బరును లాగి తీయకండి, కత్తిరించి తీయండి. రోజూ మార్చండి. ఇదంతా చేసే తీరిక లేకపోతే బొచ్చును 2, 3 సెం.మీ.కి కురచ చేయించండి. 4 నుంచి 6 వారాలకోసారి కత్తిరింపు, రోజు విడిచి రోజు దువ్వెన సరిపోతాయి. కుక్కకు దీనివల్ల లోటేమీ లేదు. అసలు గొరిగించడం మాత్రం వద్దు. లేత చర్మానికి ఎండ నేరుగా తగిలి కమిలిపోతుంది.

ప్రశ్న: కళ్ల కింద ఎర్రటి చారలు. పౌడరు ఒకటి తిండిలో కలిపితే పోతాయని చెప్పారు. వాడొచ్చా?

జవాబు: ముందు చార ఏమిటో తెలుసుకుంటే ఆ పౌడరు సంగతి మీకే తేలుతుంది. పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు పార్ఫిరిన్లు అనే రంగు పదార్థాలు తయారవుతాయి. వాటిలో కొంత కన్నీళ్లలోనూ లాలాజలంలోనూ బయటికొస్తుంది. అన్ని కుక్కల్లోనూ ఇంతే. కన్నీరు ముక్కులోకి దిగకుండా బయటికి కారి వెంట్రుకను తడిపితే, వెలుతురు తగిలి ఆ రంగు తుప్పులా మారుతుంది. నల్లకుక్కకు కనపడదు, తెల్లదానికి కనపడుతుంది. కుక్క అదేపనిగా నాకే పాదాలు ఎర్రబడటానికీ కారణం ఇదే. అంటే మీరు వెతకాల్సింది రంగును కాదు, కన్నీరు ఎందుకు పొర్లుతోందన్నది.

మాల్టీస్‌లో కారణాలు చాలా ఉన్నాయి. కనుగూడు లోతు తక్కువ. ముక్కు మీది వెంట్రుకలు కంట్లో గుచ్చుకుంటాయి. లోపలి కనుకొలకు దగ్గర రెప్ప లోపలికి ముడుచుకుంటుంది. కన్నీటి గొట్టం సన్నగానో మూసుకుపోయో ఉండొచ్చు. 4 నుంచి 7 నెలల మధ్య పళ్లు మారేటప్పుడు కూడా నీళ్లు ఎక్కువ కారతాయి. అది దానంతటదే తగ్గుతుంది. డాక్టరు కంట్లో ఫ్లోరెసిన్ అనే పచ్చరంగు చుక్క వేసి, కొద్ది నిమిషాల్లో అది ముక్కు రంధ్రంలో కనపడుతుందో లేదో చూస్తారు. కనపడకపోతే గొట్టం సంగతి చూడాలి. అదే చుక్క కంటి మీద పుండు ఉంటే దాన్నీ చూపిస్తుంది.

ఇక పౌడర్లు. చాలా ఏళ్లపాటు వీటిలో కొన్నింటిలో టైలోసిన్ అనే యాంటీబయాటిక్ ఉండేది. చారలు తగ్గేవి, ఆపగానే తిరిగొచ్చేవి. అనుమతి లేకుండా ఈ మందు కలిపి అమ్ముతున్న తయారీదారులను అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. అందం కోసం నెలల తరబడి యాంటీబయాటిక్ పెట్టడం మేం ఒప్పుకోం. కడుపులో మేలు చేసే సూక్ష్మజీవులు పోతాయి, మందుకు లొంగని క్రిములు తయారవుతాయి. రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు.

రోజూ చేయాల్సింది సులువే. పొద్దున, సాయంత్రం సెలైన్‌లో గానీ కాచి చల్లార్చిన నీళ్లలో గానీ ముంచిన దూదితో కంటి కింద తుడవండి. ఒక్కో కంటికి వేరే దూది. ఎండిన పుసిని నానబెట్టి సన్నపళ్ల దువ్వెనతో తీయండి. తరవాత పొడి గుడ్డతో అద్దండి. ఎక్కువమంది మరిచేది ఇదే. తడి మిగిలితే ఈస్టు పెరుగుతుంది, చార ముదిరి వాసన వస్తుంది. కనుకొలకు దగ్గర వెంట్రుకలను మొండి కొసల కత్తెరతో కురచ చేయండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి కంటి దరిదాపులకు రానివ్వకండి, కంటి పైపొరను కాలుస్తాయి. ఒకసారి రంగెక్కిన వెంట్రుక తిరిగి తెల్లబడదు. కారణం పోయాక కొత్త వెంట్రుక తెల్లగా వస్తుంది. అది పెరిగి పాతదాన్ని కత్తిరించేదాకా రెండు, మూడు నెలలు ఆగాలి.

ఒక్క కన్నే ఉన్నట్టుండి కారడం, రెప్ప ముడుచుకోవడం, పసుపు పుసి ఉంటే అది చార సమస్య కాదు. ఆ రోజే చూపించండి.

ప్రశ్న: బొచ్చు రాలదు గనుక ఆస్తమా ఉన్నవాళ్ల ఇంట్లో మాల్టీస్ పెట్టుకోవచ్చంటారు. నిజమా?

జవాబు: తక్కువ రాలుతుందన్నది నిజం. అలర్జీ రాదన్నది నిజం కాదు. అలర్జీ తెప్పించే ప్రోటీన్లు వెంట్రుకలో పుట్టవు. లాలాజలం, చర్మపు పొట్టు, మూత్రంలో ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది క్యాన్ ఎఫ్ 1. 'అలర్జీ కలిగించని' జాతులున్న ఇళ్ల దుమ్మును, మిగతా జాతులున్న ఇళ్ల దుమ్మును పరీక్షించి చూస్తే దీని మోతాదులో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కొనేముందు ఆస్తమా ఉన్న మనిషి ఆ కుక్కతోనే రెండు మూడుసార్లు, ఒక్కోసారి కొన్ని గంటలు గడపాలి. చేతులు నాకనివ్వాలి. ఆ తరవాత రెండు రోజులు శ్వాస ఎలా ఉందో చూసుకుని, వైద్యుడితో మాట్లాడాకే నిర్ణయించుకోండి.

ప్రశ్న: ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్షలో బైల్ ఆసిడ్స్ ఎక్కువున్నాయన్నారు. కాలేయం పాడైందా? కుక్క హుషారుగానే ఉంది.

జవాబు: ఈ ఒక్క అంకెతో అలా అనుకోకండి. బైల్ ఆసిడ్స్ అంటే కాలేయం తయారుచేసే పిత్త ఆమ్లాలు. పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయంలో శుభ్రపడి ఒంట్లోకి పోవాలి. కొన్ని మాల్టీస్‌లలో పుట్టుకతోనే ఒక అడ్డదారి రక్తనాళం ఉంటుంది. రక్తం కాలేయాన్ని తప్పించుకుని పోతుంది. దీన్ని షంట్ అంటారు. అందుకే ఈ జాతికి 12 గంటలు పస్తుంచి ఒకసారి, తిన్న రెండు గంటలకు మరోసారి బైల్ ఆసిడ్స్ చూస్తారు. చిక్కు ఏమిటంటే, ఏ జబ్బూ లేని మాల్టీస్‌లలో కూడా ఈ అంకె మామూలు హద్దు దాటి ఉండటం తెలిసిన విషయమే. కాబట్టి అంకె ఎక్కువ ఉంటే రక్తంలో అమోనియా పరీక్ష, అల్ట్రాసౌండ్, అవసరమైతే సీటీ స్కాన్ తీయించాకే నిర్ధారణ. అప్పటిదాకా తొందరలేని ఆపరేషన్‌ను వాయిదా వేయండి. షంట్ ఉన్న కుక్క మత్తుమందును త్వరగా వదిలించుకోలేదు.

షంట్ ఉన్న పిల్ల తోబుట్టువులకంటే చిన్నగా ఉండిపోతుంది. మాంసం తిన్నాక గంట రెండు గంటల్లో మత్తుగా అవుతుంది, గోడకు తల ఆనించి నిలబడుతుంది, ఊరికే చుట్టూ తిరుగుతుంది, చొంగ కారుస్తుంది. మూత్రంలో రాళ్లు కూడా రావొచ్చు. లాక్టులోజ్ అనే మందు, డాక్టరు చెప్పిన ప్రోటీన్ పాళ్లున్న తిండితో నెట్టుకురావొచ్చు. కాలేయం బయట ఉన్న షంట్ అయితే ఆ నాళం చుట్టూ మెల్లగా మూసుకునే వలయం వేసి ఆపరేషన్ చేస్తారు. ఒక్కసారిగా మూస్తే కాలేయం అంత రక్తాన్ని తట్టుకోలేదు. టీకప్ అని అమ్మే పిల్లల్లో కొన్ని అసలు చిన్నజాతివి కావు, ఈ జబ్బుతో ఎదగనివి. చిన్నదనాన్ని ముద్దు చేయడానికి మాకు మనసొప్పనిది అందుకే.

ప్రశ్న: ఒక్క నిమిషం వదిలి వెళ్లినా ఏడుస్తుంది, ఇంట్లో ఎక్కడపడితే అక్కడ పోస్తుంది. ఈ జాతే ఇంతా?

జవాబు: మొదటిది కొంతవరకు జాతి గుణమే. గొర్రెల్ని కాసేందుకో, వేటకో కాకుండా మనిషి పక్కనుండటానికే తరతరాలుగా ఏరి పెంచిన కుక్క ఇది. మీరు కనపడకపోతే దానికి పని పోయినట్టే. కానీ ఒంటరిగా ఉండటం నేర్పొచ్చు. తలుపవతల 10 సెకన్లు నిలబడి, అరవకముందే లోపలికి రండి. మాటా పలుకూ లేకుండా మీ పని చూసుకోండి. 10, 30, 60 సెకన్లు, తరవాత 3 నిమిషాలు, 5, 10. ఒక మెట్టు మీద ఐదుసార్లు నిశ్శబ్దంగా ఉంటేనే పై మెట్టు. అరిస్తే ఒక మెట్టు దిగండి. మొదటి రోజే గంట వదిలేస్తే నేర్చుకునేది భయమే. రోజంతా ఇంట్లో ఎవరూ ఉండని కుటుంబానికి ఈ జాతిని మేం సిఫారసు చేయం.

రెండోది జాతి గుణం కాదు, మన అలక్ష్యం. పెద్దకుక్క పోస్తే మడుగు కడుతుంది. మాల్టీస్‌ది రెండు స్పూన్లు గనుక చూసీ చూడనట్టు తుడిచేస్తారు. అక్కడే అలవాటు ముదురుతుంది. పిల్ల వయసు ఎన్ని నెలలో అన్ని గంటలకు మించి ఆపుకోలేదు. మెలకువగా ఉన్నప్పుడు అంతకూడా కాదు. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆట ఆగగానే అదేచోటికి తీసుకెళ్లండి. అక్కడ పోసిన మూడు సెకన్లలోపే మెచ్చుకోవాలి, ఇంట్లోకొచ్చాక మెచ్చుకుంటే దేనికో దానికి అర్థం కాదు. తప్పుచోట పోస్తే ఎంజైమ్ ఉన్న క్లీనర్‌తో కడగండి. అమోనియా వాసనున్నవి వాడితే మళ్లీ అక్కడికే వస్తుంది.

ప్రశ్న: మా రెండేళ్ల మాల్టీస్ ఒళ్లంతా సన్నగా వణుకుతోంది. చలి లేదు. నిద్రలో వణుకు ఉండదు.

జవాబు: నిద్రలో ఆగి, ఉత్సాహపడితే పెరిగే వణుకు అనగానే డాక్టర్లు ఆలోచించేది ఒంటి రక్షణ వ్యవస్థ చిన్నమెదడు మీద దాడి చేసే ఒక జబ్బు గురించి. చిన్న తెల్లకుక్కల్లో మొదట గమనించారు గనుక 'తెల్లకుక్కల వణుకు' అన్న పేరు పడింది. వేరే రంగు కుక్కలకూ వస్తుంది. 1 నుంచి 5 ఏళ్ల మధ్య ఎక్కువ. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు మొదలుపెడితే సాధారణంగా వారంలోపే తగ్గుతుంది. తగ్గిందని మందు మీరే ఆపేయకండి. మోతాదును నెలల మీద మెల్లగా తగ్గించాలి, లేకపోతే తిరగబెడుతుంది. మాల్టీస్‌కి మెదడువాపు కూడా వచ్చే అవకాశం ఉంది. వణుకుతోపాటు చూపు మందగించడం, ఫిట్స్, తల ఒకపక్కకు వంగిపోవడం ఉంటే ఆలస్యం చేయకండి.

ప్రశ్న: పెద్దదాని బరువు 3 కిలోలు. ఎంత పెట్టాలి? మెడపట్టీ కడితే దగ్గుతోంది, ఏం చేయాలి?

జవాబు: ఇంట్లో మామూలుగా తిరిగే 3 కిలోల కుక్కకు రోజుకు 220 నుంచి 250 కేలరీలు చాలు. మీ తిండి సంచి మీద 100 గ్రాములకు ఎన్ని కేలరీలో రాసి ఉంటుంది. 350 అని ఉంటే 65 నుంచి 70 గ్రాములు. కప్పుతో కొలవకండి, తూకం వేయండి. 10 గ్రాముల తేడా మనకు లెక్కలేదు, దానికి ఏడో వంతు. ఆశ చూపి ఇచ్చే చిరుతిండి రోజుకు 25 కేలరీలు మించకూడదు, ఆ మేరకు గిన్నెలో తగ్గించాలి. 300 గ్రాములు పెరిగితే పదో వంతు పెరిగినట్టు. ఆ భారం మోకాలి చిప్పల మీద పడుతుంది. నడుస్తూ నడుస్తూ రెండడుగులు వెనకకాలు ఎత్తి, మళ్లీ మామూలుగా నడిస్తే చిప్ప గాడి తప్పుతోందని అర్థం.

మెడపట్టీ ఈరోజే తీసేయండి. ఈ జాతిలో శ్వాసనాళపు ఉంగరాలు మెత్తబడి నొక్కుకుపోవడం ఉంటుంది. బాతు అరుపులాంటి పొడి దగ్గు దాని గుర్తు. ఛాతీకి తగిలే పట్టీ వాడండి. లోపల వేలు పట్టేంత వదులుండాలి. ఇంటికి రాగానే విప్పండి, లేకపోతే చంకలో ముడి కడుతుంది. ముక్కుతో లోపలికి ఎగపీలుస్తూ గురకలాంటి చప్పుడు చేసి కొద్ది సెకన్లలో ఆగిపోతే అది దగ్గు కాదు, తిరగతుమ్ము. ప్రమాదం లేదు. గొంతు మెల్లగా నిమిరితే ఆగుతుంది. వయసు మళ్లిన మాల్టీస్ రాత్రిళ్లు దగ్గితే మాత్రం గుండె కవాటం పరీక్ష చేయించాలి.

ప్రశ్న: ఏడు నెలలైంది, కోరపళ్లు రెండేసి జతలు కనిపిస్తున్నాయి. వదిలేస్తే ఊడతాయా?

జవాబు: ఈపాటికి ఊడాలి, ఇక ఊడవు. ఏడు నెలలకు పాలకోర పక్కనే కొత్తకోర ఉంటే రెండిటి సందులో తిండి ఇరుక్కుంటుంది. కొత్తది పక్కకు జరిగి అంగిట్లోనో చిగురులోనో గుచ్చుకుంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించబోతుంటే అదే మత్తులో పాలకోరలు తీయించండి, రెండుసార్లు మత్తు తప్పుతుంది. ముందు కాలేయ పరీక్ష అయి ఉండాలి. ఆ తరవాత రోజూ కుక్కల పేస్టుతో, మనుషులది కాకుండా, చిన్నపిల్లల మెత్తటి బ్రష్‌తో పళ్ల బయటివైపు అర నిమిషం రుద్దండి. మొదటి వారం వేలికి గుడ్డ చుట్టి పేస్టు నాకించడం వరకే. గార కట్టాక గీకడానికి మళ్లీ మత్తు ఇవ్వాలి. ఇంత చిన్న దవడలో గార చిగురు కిందికి దిగితే ఎముక అరిగి, ఏదైనా గట్టిది కొరికినప్పుడు దవడే విరగవచ్చు.